ఉపాధి పోయిన రోజుల్లో నది ఒడ్డున

ఉద్యోగం పోవడం అంటే జీతం ఒక్కటే పోవడం కాదు. జీతం ఆగిపోగానే ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, కిరాణా కొట్టు బాకీ గుర్తుకు వస్తాయి. అవి అందరికీ కనబడే నష్టాలు. వాటి వెనుక కంటికి కనబడని నష్టాలు మరికొన్ని ఉంటాయి. తెల్లవారగానే లేచి ఫలానా చోటికి వెళ్లాలన్న ఆధారం పోతుంది. పెళ్లిలోనో, మస్జిదు మెట్ల మీదనో ఎవరైనా "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగితే చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మాట పోతుంది. మనిషి తన ఇంట్లోనే తాను పరాయివాడు అవుతాడు.

ఈ బాధ మన కుటుంబాలకు కొత్త కాదు. 2008 చివరలో దుబాయిలో కట్టడాల పనులు ఆగిపోయినప్పుడు పెట్టె సర్దుకుని వచ్చినవారిని చూశాము. 2020లో కరోనా రోజుల్లో గల్ఫ్ దేశాల నుంచి నిజామాబాదుకు, కరీంనగరుకు, కడపకు ఉత్త చేతులతో తిరిగి వచ్చినవారిని చూశాము. 2022 చివరి నుంచి 2023 వరకు అమెరికాలోని పెద్ద పెద్ద కంప్యూటరు కంపెనీలు వేలాది మందిని తీసివేసినప్పుడు మన హైదరాబాదు పిల్లలు కూడా ఆ జాబితాలలో ఉన్నారు. కూలి చేసుకునేవాడైనా, లక్షలు సంపాదించేవాడైనా ఆ మొదటి రాత్రి నిద్ర పట్టని తీరు ఒక్కటే.

అటువంటి రోజుల్లో ఒక ముస్లిం యువకుడు గాలం పట్టుకుని నదికి వెళ్లాడంటే ఏమనాలి? బాధ్యత మరచినవాడనాలా? లేక అందులో మనం తెలుసుకోదగినది ఏమైనా ఉందా? ఈ వారం ఈ ప్రశ్ననే పాఠకుల ముందుంచుతున్నాము.

అరవై రోజుల గడువు

ఆ యువకుడు మా అక్కగారి కుమారుడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు డెన్వరు నగరంలో కంప్యూటరు ఉద్యోగం చేసేవాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. 2023 జనవరిలో ఒక ఉదయం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నానికి అతని కంప్యూటరు తెరుచుకోలేదు. ఆరేళ్ల కొలువు అంతటితో సరి.

అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసేవారికి 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నియమం ఒకటి ఉంది. ఉద్యోగం పోయిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు ఆ దేశంలో ఉండవచ్చు. ఆ లోగా మరో కంపెనీ తీసుకోవాలి, లేదా మరేదైనా వీసా దారి చూసుకోవాలి. అదీ కాకపోతే దేశం విడిచి వెళ్లాలి. అంటే ఉద్యోగంతోపాటు ఇల్లు, పిల్లల బడి, కారు అప్పు, స్నేహాలు అన్నీ ఒకే దారానికి వేలాడుతుంటాయన్న మాట.

మొదటి మూడు వారాలు అతను రాత్రింబవళ్లు దరఖాస్తులు పెట్టాడు. ఒకే పనికి వందలమంది పోటీ. జవాబు రాదు, వచ్చినా "క్షమించండి" అనే వస్తుంది. తిండి తగ్గింది. పిల్లలు దగ్గరకు వస్తే విసుక్కునేవాడు. ఫజ్రు నమాజు కజా కాసాగింది. అన్నిటికన్నా పెద్ద కష్టం, ఇక్కడ తల్లికి చెప్పలేకపోవడం. నెలనెలా పంపే డబ్బు ఆగితే ఆమె అడుగుతుంది. అందుకని క్రెడిట్ కార్డు మీద అప్పు తీసి ఆ నెల డబ్బు పంపించాడు. గడువుకు తీర్చలేకపోతే దాని మీద వడ్డీ పడుతుంది. వడ్డీ ఎంతటి నిషిద్ధమో అతనికి తెలియనిది కాదు. కానీ సిగ్గు మనిషి చేత ఎన్ని పనులు చేయిస్తుందో అనుభవించినవారికే తెలుసు.

పక్కింట్లో రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. రైల్వేలో పనిచేసి మానుకున్నవాడు, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాడు. ఇతని ముఖం చూసి సంగతి గ్రహించాడు. సానుభూతి మాటలేవీ చెప్పలేదు. "శనివారం తెల్లవారుజామున నాతో రా. నా దగ్గర రెండు గాలపు కర్రలు ఉన్నాయి" అన్నాడట. అంతే.

"తమ్ముడూ, వాడికి నువ్వే చెప్పాలి"

రెండో శనివారం నది నుంచి వచ్చిన రాత్రే అతను తల్లికి ఫోను చేసి ఉద్యోగం పోయిన సంగతి దాచకుండా చెప్పాడు. ఆమె ఏడ్చింది, దుఆ చేసింది. కానీ తరువాత కోడలి మాటల్లో చేపల సంగతి బయటపడగానే మాకు ఫోను వచ్చింది.

"తమ్ముడూ, ఉద్యోగం పోవడం అల్లాహ్ నిర్ణయం. ఓర్చుకుంటాను. కానీ శనివారం శనివారం వీడు గాలం పట్టుకుని ఏటికి పోవడమేమిటి? గడువు నెత్తిమీద ఉంటే ఇదేం ఆట? నలుగురు వింటే ఏమంటారు? మదర్సాలో చదివినవాడివి, నువ్వే వాడికి నాలుగు మాటలు చెప్పు" అన్నారు ఆపా.

ఆమె కోపంలో న్యాయం ఉంది. ముందు అతని మాట కూడా విందామని ఫోను చేశాము.

"మామూజాన్, వారంలో ఆరు రోజులు ఉద్యోగం వెతుకుతున్నాను. ఏడో రోజు నదికి వెళుతున్నాను. ఆ ఒక్క రోజు లేకపోతే మిగతా ఆరు రోజులు నా వల్ల అయ్యేవి కావు" అన్నాడు. "నీళ్లలో నిలబడ్డ ఆ నాలుగు గంటలు నా తలలో ఆ ఉత్తరం తిరగదు. ఇంటికి వచ్చాక పిల్లలు నా ఒళ్లో కూర్చుంటున్నారు. అమ్మీకి నిజం చెప్పే ధైర్యం కూడా అక్కడే వచ్చింది. అమ్మీ కోప్పడితే మీరు సర్దిచెప్పండి."

ఈ మాటల వెనుక ఏముందో తెలుసుకోవాలంటే ముందు ఆ వేట ఎటువంటిదో తెలియాలి.

ఈకతో చేసిన ఈగ

మన చెరువుల దగ్గర గాలం వేసేవారు ముల్లుకు వానపామును గుచ్చి, దారానికి బెండు కట్టి, గట్టు మీద కూర్చుంటారు. బెండు మునిగితే లాగుతారు. ట్రౌట్ చేప వేట అలా ఉండదు. ట్రౌట్ చల్లని, పారే నీటి చేప. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరి ఆడడం కష్టమవుతుంది. మన కొరమీను గాలి పీల్చుకుని బురద నీటిలో కూడా బతుకుతుంది. ట్రౌట్‌కు ఆ శక్తి లేదు. అందుకే మన గోదావరిలో, కృష్ణలో అది కనబడదు.

డెన్వరుకు నైరుతి దిక్కున కొండల మధ్య పారే సౌత్ ప్లాట్ నది ఈ చేపకు పేరు పొందింది. ఆ నది మీద 1905లో పూర్తయిన చీజ్‌మన్ ఆనకట్ట ఉంది. డెన్వరు ప్రజలు తాగే నీటి కోసం కట్టినది. దాని నుంచి వదిలే నీరు జలాశయపు లోతుల నుంచి వస్తుంది. అందుచేత దిగువన నది వేసవిలో మరీ వేడెక్కదు, శీతాకాలంలో పూర్తిగా గడ్డకట్టదు. గట్టున మంచు పేరుకుని ఉన్నా నీటిలో చేపలు కదులుతూనే ఉంటాయి.

ఆ చేపకు ముఖ్యమైన ఆహారం నీటి పురుగులు. రాళ్ల కింద నెలల తరబడి పెరిగి, రెక్కలు వచ్చాక పైకి లేచి, ఒకటి రెండు రోజుల్లోనే జీవితం ముగించుకునే పురుగులు కూడా వాటిలో ఉన్నాయి. వేటగాడు ఆ పురుగును పోలినట్టుగా ముల్లుకు దారం, ఈక, బొచ్చు చుట్టి ఒక బొమ్మ ఈగను తయారు చేస్తాడు. శీతాకాలంలో ఆ ఈగ బియ్యపు గింజ కన్నా చిన్నది. దానికి బరువు ఉండదు కనుక విసిరితే పోదు. బరువు దారంలో ఉంటుంది. దారాన్ని తల మీదుగా వెనక్కి విసిరి, అది వెనుక పూర్తిగా చాచుకునే వరకు ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. తొందరపడి ఆగకుండా విసిరితే దారం చిక్కుపడుతుంది. బలం ఎక్కువ పెట్టినా అంతే. నీటి మీద పడ్డాక ఈగ ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోవాలి. దారం దాన్ని కాస్త లాగినా చేప పసిగట్టి మొహం తిప్పుకుంటుంది.

ఇది ఈనాటి విద్య కాదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమను రచయిత, మాసిడోనియా ప్రజలు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని వర్ణించాడు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ రాసిన "ది కంప్లీట్ ఆంగ్లర్" 1653లో వెలువడింది. అంతర్యుద్ధంలో నలిగిపోయిన ఆ దేశంలో గాలం పట్టినవాడి ఓర్పును గురించిన ఆ గ్రంథం ఈనాటికీ అచ్చవుతూనే ఉంది.

మా మేనల్లునికి మొదటి మూడు శనివారాలు ఒక్క చేపా పడలేదు. నాలుగో వారం ఒకటి పడింది. "మూడు వారాలు ఉత్త చేతులతో ఇంటికి వచ్చినా నాకు ఓడిపోయినట్టు అనిపించలేదు మామూ. ఉద్యోగాల దరఖాస్తు వెనక్కి వస్తే మాత్రం ఎందుకలా అనిపిస్తుందా అని అప్పుడే ఆలోచించాను" అన్నాడు. ఆలోచించదగిన మాట.

పని లేనివాడికి కాలం ఎందుకు గడవదు?

ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరానికి దగ్గరలో మారియంతాల్ అనే ఊరు ఉంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరి ప్రజల జీవితాన్ని దగ్గరగా పరిశీలించి 1933లో పుస్తకం ప్రచురించారు. పని పోయిన మగవారికి కావలసినంత తీరిక దొరికింది గదా, వారు చదువుకుని ఉంటారని, ఊరికి ఉపయోగపడే పనులేవో చేసి ఉంటారని మనం అనుకుంటాము. జరిగింది దానికి విరుద్ధం. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. మగవారి నడక కూడా మందగించింది. రోజంతా ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయారు. ఇంటిపనిలో మునిగి ఉన్న ఆడవారి కాలం మాత్రం క్రమం తప్పలేదు.

ఉద్యోగం జీతంతోపాటు మనిషికి మరి అయిదు ఇస్తుందని యహోదా తరువాతి కాలంలో వివరించారు. రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి సాధించే ఒక లక్ష్యం, సమాజంలో ఒక స్థానం, చేతులకు పని. ఉద్యోగం పోతే ఈ అయిదూ ఒకేసారి పోతాయి.

శనివారం నది అతనికి వీటిలో కొన్నింటిని తిరిగి ఇచ్చింది. లేవడానికి ఒక వేళ, పలకరించడానికి ఒక తోడు, చేతులకు ఒక పని. మంచి నిద్ర కూడా. అంతకుమించి మరేదీ ఇవ్వలేదు. అయితే మునిగిపోయేవాడికి ఆ మాత్రం గడ్డిపోచ కూడా విలువైనదే.

ఇక్కడ ఒక సంగతి మనం గుర్తించాలి. రోజుకు క్రమం, నలుగురితో కలయిక - ఈ రెండూ మనకు అయిదు పూటల జమాఅతు నమాజులో అల్లాహ్ ఎప్పుడో ప్రసాదించాడు. ఏ యజమానీ వాటిని మన నుంచి తీసివేయలేడు. కానీ దిగులు ముదిరినప్పుడు మనిషి మొట్టమొదట వదిలేది మస్జిదునే. నలుగురికీ ముఖం చూపించలేక వదిలేస్తాడు. మా మేనల్లుడు నది కోసం తెల్లవారుజామున లేవడం మొదలుపెట్టాక ఫజ్రు తిరిగి వేళకు వచ్చింది. మధ్యాహ్నం మంచులాంటి నీటితో వుజూ చేసి, అక్కడి ఖిబ్లా అయిన ఈశాన్యం వైపు తిరిగి, రాళ్ల మీద జుహ్రు చదువుకునేవాడు. ఆ ముసలాయన అంతసేపూ గాలం పక్కన పెట్టి మౌనంగా కూర్చునేవాడట.

ఇది ధర్మసమ్మతమేనా?

ఆపా అడిగిన రెండో ప్రశ్న ఇది. నీటి వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడని దివ్య ఖుర్‌ఆన్ మాయిదా సూరా తెలుపుతుంది. చేపకు జబహ్ అవసరం లేదు. అయితే దానంతట అది చచ్చి నీటి మీద తేలిన చేపను తినరాదని హనఫీ పండితులు అంటారు. కాబట్టి చేపలు పట్టడం మౌలికంగా హలాల్.

అయితే వేట ఉద్దేశం ఏమిటన్నది ముఖ్యం. ప్రాణమున్న జీవిని గురిపెట్టి ఆడుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) గట్టిగా వారించారు. తినే ఉద్దేశం లేకుండా, సరదాకు మాత్రమే చేప నోటికి ముల్లు గుచ్చి, వదిలి, మళ్లీ గుచ్చడం జీవహింసేనని పలువురు పండితుల అభిప్రాయం. సజీవమైన పురుగును ముల్లుకు గుచ్చడాన్ని కూడా హనఫీ పండితులు అయిష్టకరంగా పేర్కొన్నారు. ఈ విధంగా చూస్తే ఈకతో చేసిన బొమ్మ ఈగ వానపాము కన్నా మేలైనదే.

సౌత్ ప్లాట్ నదిలో కొన్ని భాగాల్లో పట్టిన ప్రతి ట్రౌట్‌నూ వెంటనే వదిలివేయాలని చట్టం ఉంది. మరికొన్ని భాగాల్లో పరిమితికి లోబడి ఇంటికి తీసుకుపోవచ్చు. ఈ సంగతి తెలుసుకుని మా మేనల్లుడు తీసుకుపోవడానికి వీలున్న చోటనే నిలబడ్డాడు. కొలతకు తక్కువైన చేప పడితే చట్టం ప్రకారం వదలవలసిందే. అటువంటి చేపకు గాయం తక్కువ కావాలని ముల్లు కొనకు ఉండే ఎదురు పన్నును పటకారుతో నొక్కివేసేవాడు. చేతులు తడిపి, చేపను నీటిలోనే ఉంచి విడిపించేవాడు. చేపల సంతతి నిలవడానికి పెట్టిన నియమం కనుక ఆ వదలడం ఆట కిందకు రాదు.

ఆరాఫ్ సూరాలో సముద్రతీర గ్రామస్థుల గాథ ఉంది. శనివారం చేపలు పట్టరాదని వారికి ఆజ్ఞ. ఆ రోజే చేపలు గుంపులుగా నీటి మీదికి వచ్చేవి. అదే వారికి పరీక్ష. హద్దు మీరారు, శిక్షకు గురయ్యారు. శనివారం నిషేధం మన మీద లేదు. కానీ ఆ గాథలోని పాఠం మన మీద ఉంది. చూసేవాడు లేని నది ఒడ్డున కొలత తక్కువైన చేపను నీటిలో వదలడం చిన్న పనే. ఉపాధి లేని రోజుల్లో హరాం వైపు జారకుండా నిలబడడానికి అటువంటి చిన్న పనులే అలవాటు నేర్పుతాయి. క్రెడిట్ కార్డు అప్పు ఆ ఒక్క నెలతో ఆగిపోయిందని, తన కెమెరా, బల్ల అమ్మి గడువులోపే దాన్ని తీర్చివేశాడని తెలిసినప్పుడు మాకు చేప పడిందన్న వార్త కన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

మద్యన్ బావి దగ్గర ఒక నిరుద్యోగి

కసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) వృత్తాంతం పాఠకులకు తెలిసిందే. రాజభవనంలో పెరిగినవారు ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్యన్ చేరారు. ఇల్లు లేదు, తిండి లేదు, పని లేదు, తెలిసినవారు లేరు. ఒక నీటి వనరు దగ్గర ఆగారు. అక్కడ కాపరులు తమ పశువులకు నీరు పెడుతుంటే ఇద్దరు ఆడపిల్లలు తమ మందను ఆపుకుని పక్కన నిలబడి ఉన్నారు. వారి తండ్రి వృద్ధుడు. మూసా (అ) ఏ కూలీ అడగకుండా వారి మందకు నీరు పెట్టారు. ఆ తరువాత నీడకు తొలగి, తన ప్రభువు ఏ మేలు కురిపించినా దానికి తాను అవసరార్థినని వేడుకున్నారు.

ఇందులో వరుస గమనించండి. ముందు చేతులతో ఒక మంచి పని. తరువాత కాసేపు నీడ. ఆ నీడలో దుఆ. అప్పుడు పిలుపు వచ్చింది. బలమైనవాడు, నమ్మకస్థుడు అని ఆ అమ్మాయిలలో ఒకరు తండ్రికి సిఫారసు చేశారు. ఎనిమిదేళ్ల కొలువు కుదిరింది, ఇష్టమైతే పదేళ్లు. నీడలో కూర్చున్న ఆ కాసేపును ఎవరూ సోమరితనం అనలేదు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో గూడు విడిచి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయని దైవప్రవక్త (స) ఉదాహరణ ఇచ్చారు. అవి గూట్లో కూర్చోలేదు, ఎగిరి వెళ్లాయి. యాచనకు వచ్చిన ఒక అన్సారీ ఇంటి సామాను వేలం వేయించి, ఆ డబ్బుతో గొడ్డలి కొనిపించి, కట్టెలు కొట్టుకొమ్మని పంపిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉంది. మరో వైపు శరీరానికి, కళ్లకు, భార్యకు కూడా మన మీద హక్కు ఉన్నదని బోధించినది కూడా ఆ ప్రవక్తే (స). ఆరు రోజుల ప్రయత్నం మొదటి బోధనకు లోబడితే, ఏడో రోజు విశ్రాంతి రెండోదానికి లోబడుతుంది. ఆరు రోజుల ప్రయత్నం లేకుండా ఏడు రోజులూ నది ఒడ్డున గడిపితే మాత్రం ఆపా కోపమే సరైనది.

కాశ్మీరు దాకా వచ్చిన చేప

ఈ చేప మన దేశానికీ వచ్చింది. ఆ కథ కూడా ఓటమితోనే మొదలైంది. బ్రిటన్ నుంచి డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ కానుకగా 1899లో కాశ్మీరుకు పంపిన ట్రౌట్ గుడ్లు చెడిపోయాయి. ప్రయత్నం మానలేదు. 1900లో స్కాట్లాండు నుంచి తెప్పించిన గుడ్లు బతికాయి. శ్రీనగరులో తివాచీల వ్యాపారం చేసే మిచెల్ అనే ఆయన శ్రద్ధ అందులో ఉంది. ఈనాడు లిద్దర్, సింధ్, బ్రింగీ వంటి కాశ్మీరు నదులలో ఆ చేపల సంతతి ఈదుతోంది. కోకర్‌నాగ్‌లో ప్రభుత్వ ట్రౌట్ కేంద్రం ఉంది. అక్కడి ముస్లిం కుటుంబాలు ఎన్నో ఈ చేపల పెంపకం మీద బతుకుతున్నాయి.

సౌత్ ప్లాట్ నది కూడా ఒక పెద్ద ఆపద చూసినదే. 2002 జూన్‌లో హేమన్ అనే పేరుతో ప్రసిద్ధమైన కార్చిచ్చు దాని చుట్టూ ఉన్న అడవిలో లక్షా 37 వేల ఎకరాలకు పైగా దహించివేసింది. తరువాత కురిసిన వానలకు బూడిద, ఇసుక కొట్టుకువచ్చి నదిని కప్పివేశాయి. చేపలు, పురుగులు బాగా దెబ్బతిన్నాయి. ఆ నది పని అయిపోయిందనుకున్నవారు ఉన్నారు. ఏళ్లు పట్టింది. మెల్లమెల్లగా బూడిద కొట్టుకుపోయింది, రాళ్లు తేటపడ్డాయి, పురుగులు వచ్చాయి, వాటి వెనుక చేపలు వచ్చాయి. మా మేనల్లుడు నిలబడింది ఆ నీటిలోనే. కొండల మీద కాలిన మోడులు నాటికి ఇంకా కనబడుతూనే ఉన్నాయని చెప్పాడు.

నది ఉద్యోగం ఇవ్వలేదు

గడువు ముగిసే లోపు అతనికి ఉద్యోగం దొరకలేదు. కథల్లో అయితే యాభై తొమ్మిదో రోజున ఫోను మోగేది. ఇక్కడ మోగలేదు. సామాను అమ్మి, కారు అప్పు తీర్చి, మార్చిలో, రమజాను నెలకు కొద్ది రోజుల ముందు భార్యాపిల్లలతో హైదరాబాదు చేరాడు. విమానాశ్రయంలో తల్లిని చూసి తల దించుకోలేదు. ఆ రమజాను అంతా తల్లి ఇంటిలో ఇఫ్తారు చేశాడు. నాలుగు నెలల తరువాత ఇక్కడే ఒక కంపెనీలో కుదిరాడు. జీతం అక్కడి దానిలో చిన్న భాగం. అయినా అప్పు లేదు, ఇల్లు చెదరలేదు.

బయలుదేరే ముందు చివరి శనివారం కొలతకు తగిన చేప ఒకటి తెచ్చాడట. కోడలు దానికి అల్లం వెల్లుల్లి, పసుపు, కారం పట్టించి మన కొరమీను వేపుడులాగే వేపింది. సగం పక్కింటి పెద్దాయనకు వెళ్లింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని, అది కారం వల్లో, వీడ్కోలు వల్లో తెలియలేదని కోడలు నవ్వుతూ చెప్పింది.

మన ఇళ్లలో ఏం చేయాలి?

మనకు ట్రౌట్ నదులు లేవు. అందరికీ గాలం అవసరమూ లేదు. మన చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల చేతిలో ఉంటాయి. వారి అనుమతి లేకుండా గాలం వేయడం ఇతరుల హక్కును కాజేయడమే. కాని సూర్యోదయానికి చెరువు గట్టున నడక, పెరట్లో నాలుగు మొక్కలు, మొహల్లా పిల్లలకు గంటసేపు చదువు, మస్జిదు నల్లా బాగుచేయడం - ఇటువంటివి ఎవరికీ దూరం కావు. చేతులకు పని, రోజుకు క్రమం, పక్కన ఒక మనిషి ఉండాలి. అదే ముఖ్యం.

ఇంట్లోవారి బాధ్యత ఇంకా పెద్దది. ఉపాధి పోయినవాడిని రోజూ "ఏమైంది? ఏమైనా తెలిసిందా?" అని అడగకండి. తెలిస్తే అతనే చెబుతాడు. చుట్టాలలో ఉద్యోగం ఉన్నవారితో పోల్చకండి. అతను కాసేపు నవ్వితే బాధ్యత లేదని నిందించకండి. తల్లులారా, మీ బిడ్డ డబ్బు పంపకపోయినా మీ బిడ్డేనన్న మాట అతనికి నోరారా చెప్పండి. ఆ ఒక్క మాట లేకనే ఎందరో నిజం దాచి, వడ్డీ అప్పుల్లో దిగిపోతున్నారు. ఉపాధి పోయిన సోదరులారా, భార్యకు, తల్లిదండ్రులకు మొదటి వారంలోనే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దిగులు మరీ ముదిరి బతుకు మీద విరక్తి కలిగితే, దాచుకోకుండా ఇంట్లోవారికి, వైద్యునికి చెప్పండి. వైద్యం చేయించుకోవడం ఈమాన్‌కు లోపం కాదు.

స్తోమత ఉన్నవారు వడ్డీ లేని అప్పు, కర్జె హసనా ఇవ్వడానికి ముందుకు రావాలి. అప్పుల్లో చిక్కుకున్నవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకరని తౌబా సూరా తెలుపుతోంది. అడగలేక ఊరకున్న ఆత్మాభిమానులను వెతికి పట్టుకోవడం మన పని. పక్కింటివాడి ముఖం చూసి కష్టం గ్రహించిన ఆ అమెరికన్ పెద్దాయన మన కలిమా చదివినవాడు కాదు. పొరుగువారి హక్కు గురించి ఇన్ని హదీసులు చదివిన మనం ఆ పాటి చేయలేమా?

ఈ రోజు జుమా. నమాజు ముగియగానే భూమి మీద విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని జుమా సూరా మనకు ఆజ్ఞాపిస్తోంది. మస్జిదులో మన పక్కన నిలబడ్డ సఫ్‌లో ఉపాధి లేనివారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. సలాం తిప్పాక వారి చేయి పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడుదాం. ఉపాధిని ఇచ్చేవాడు అల్లాహ్. తోడు ఇవ్వవలసినవారం మనం.

చింత నుంచి, దుఃఖం నుంచి, అశక్తత నుంచి, సోమరితనం నుంచి, అప్పుల భారం నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఉపాధి కోల్పోయినవారికి ఊహించని వైపు నుంచి హలాల్ ఉపాధి ప్రసాదించుగాక! ఆమీన్.